టీఎస్‌హెచ్ 7.8, టీ3 టీ4 మాత్రం నార్మల్. ఈ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి?

గోదారి_సునీత (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. నా వయసు 34. ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. రిపోర్టు నిన్న సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. థైరాయిడ్ దగ్గర ఇలా ఉంది:

టోటల్ టీ3: 124 (నార్మల్ 80–200)
టోటల్ టీ4: 7.4 (నార్మల్ 5.1–14.1)
టీఎస్‌హెచ్: 7.8 (నార్మల్ 0.27–4.2)

టీఎస్‌హెచ్ పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై' అని ఉంది. మిగతా రెండూ బాగానే ఉన్నాయి. హార్మోన్లు సరిగ్గానే ఉంటే మరి ఎక్కువైంది ఏమిటి? నీరసం, జుట్టు రాలడం ఉన్నాయి కానీ అవి ఎప్పటినుంచో ఉన్నవే. మందుల షాపతను రిపోర్టు చూసి "థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములది మొదలుపెట్టేయండి మేడమ్, ఇక జీవితాంతం వాడాల్సిందే" అన్నాడు. డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం దొరికింది. అప్పటిదాకా టెన్షన్ తట్టుకోలేకపోతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

శ్యామల_గుంటూరు
సునీతా, కంగారు పడకమ్మా. ఈ నంబరుతో గురువారం దాకా ఆగితే ఏమీ కాదు. నేను చాలా ఏళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా, పిల్లల్ని పెంచా, ఉద్యోగం చేసుకుంటున్నా. షాపతని మాట మీద మాత్రం మొదలుపెట్టకు. ఒకసారి మొదలుపెట్టేస్తే అసలు అవసరం ఉండిందా లేదా అన్నది తర్వాత తేల్చుకోవడం కష్టమవుతుంది.

ల్యాబ్_మూర్తి (హనుమకొండ)
అమ్మా సునీతా, ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నకే చెబుతాను, ఎందుకంటే అందరూ తడబడేది అక్కడే.

టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారవదు. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, అక్కడినుంచి వస్తుంది. మెడలో ఉన్న థైరాయిడ్‌కు పని చెప్పేది అదే. థైరాయిడ్ చేసే సరుకు టీ4, కొంచెం టీ3. పని మందగిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు కదా, టీఎస్‌హెచ్ పెరగడమంటే అదే. మీ రిపోర్టులో సరుకు ఇంకా సరిపడా వస్తోంది, కాకపోతే గట్టిగా చెబితేగానీ రావడం లేదు. టీఎస్‌హెచ్ బాగా తగ్గిపోయి టీ3, టీ4 పెరిగితే లెక్క తిరగబడుతుంది, థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నమాట.

ఇంకొక్కటి. రక్తంలో టీ4 కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే టీ4 ఇంకా గీతలోపలే ఉండగానే టీఎస్‌హెచ్ బయటపడుతుంది.

ఇక నావి నాలుగు ప్రశ్నలు. రక్తం ఏ టైములో ఇచ్చారు? ఈ మధ్య జ్వరం, ఆస్పత్రిలో ఉండడం లాంటివి జరిగాయా? జుట్టుకని ఏమైనా మాత్రలు వాడుతున్నారా? గర్భం రాకుండా పిల్స్ ఏమైనా?

గోదారి_సునీత (రాజమండ్రి)
మూర్తి గారూ, చాలా థాంక్సండీ. ఇప్పుడు అర్థమైంది. రక్తం పొద్దున్న ఏడింటికి పరగడుపున తీశారు. మూడు వారాల క్రితం డెంగీ వచ్చింది, ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. జుట్టుకు మాత్రలేమీ లేవు. పిల్స్ కూడా లేవు.

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
డెంగీ సంగతి చెప్పి మంచి పని చేశారు. ఒంట్లో బాగా జబ్బు చేసినప్పుడు ముందు టీ3 తగ్గుతుంది, టీఎస్‌హెచ్ కూడా తగ్గొచ్చు. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు మామూలు కంటే పైకి వెళ్ళి, తనంతట తనే దిగుతుంది. కాబట్టి మీ 7.8లో డెంగీ వాటా ఎంత, థైరాయిడ్ వాటా ఎంత అన్నది ఈ ఒక్క రిపోర్టుతో తేలదు. జబ్బు తగ్గాక కనీసం ఆరు వారాలు ఆగి మళ్ళీ చూడాలి. అప్పుడు టోటల్ టీ4 బదులు ఫ్రీ టీ4 (ప్రొటీన్‌కు అంటుకోకుండా ఒంటికి అందే భాగం), దాంతోపాటు ఒకసారి యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద మన ఒళ్ళే దాడి చేస్తోందా అని చూసే యాంటీబాడీ పరీక్ష) చేయించండి.

టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ ఒక్కటే పెరగడాన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటాం. రెండోసారి కూడా 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతాం. 4కీ 10కీ మధ్య ఉంటే మనిషిని బట్టి నిర్ణయం. గర్భం కోసం చూస్తున్నారా, యాంటీబాడీలున్నాయా, మెడ దగ్గర వాపుందా, కొలెస్ట్రాల్ ఎలా ఉంది, వయసెంత, ఇవన్నీ చూడాలి. ఆ నంబరు ఒక్కటే చూసి మందు రాయను. మీ డాక్టర్ గారు మిమ్మల్ని చూసి చెప్పేదే లెక్క, నేను రాసేది మీరు ఆయన్ని సరైన ప్రశ్నలు అడగడానికి మాత్రమే.

చైతన్య_కడప
డాక్టర్ గారూ, ఒక్క మాట. నాకు 6.4 ఉన్నప్పుడు మా డాక్టర్ 25 మొదలుపెట్టాడు. రెండు నెలల్లో నీరసం పోయింది, మళ్ళీ మనిషినయ్యాను. 10 దాకా ఆగండి అంటే అన్నాళ్ళూ మనిషి బాధపడాలా? నంబరు గీత దాటింది కాబట్టే కదా ఎర్రగా వేశారు?

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
చైతన్య గారూ, మీ అనుభవాన్ని కాదనను. వయసులో ఉన్నవాళ్ళకు, లక్షణాలు గట్టిగా ఉంటే, తక్కువ మోతాదుతో కొన్నాళ్ళు వాడి చూడడం మేమూ చేస్తాం. మూడు నాలుగు నెలల తర్వాత తేడా లేకపోతే ఆపేస్తాం కూడా. ఆ రెండో సగమే చాలామంది విషయంలో జరగదు, మాత్ర అలా ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది.

పెద్దవాళ్ళ విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. 65 దాటిన 737 మందితో యూరప్‌లో చేసిన ట్రస్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. ఇలాంటి సబ్‌క్లినికల్ వాళ్ళకే సగం మందికి మందు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. నీరసంలో గానీ, ఇతర లక్షణాల్లో గానీ తేడా కనబడలేదు. వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. 80 ఏళ్ళ ఆరోగ్యవంతుడికి 6, 7 ఉంటే అది ఆయనకు మామూలే కావచ్చు, కానీ రిపోర్టు మీద ఉండేది అందరికీ ఒకటే గీత. ఎర్ర అక్షరం చూసి ఆ పెద్దాయనకు మాత్ర ఎక్కువిస్తే గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడడం వంటివి రావచ్చు.

గీత ఎలా గీస్తారో కూడా తెలుసుకోండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పరీక్షించి, మధ్యలో ఉన్న 95 శాతం మంది విలువల్ని నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో ఐదుగురు ఎలాగూ గీత బయటే ఉంటారు.

పద్మజ_తణుకు
రాత్రి ధనియాలు నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళు మరిగించి తాగండి సునీత గారూ. మా తోడికోడలికి 8 ఉన్నది మూడు నెలల్లో 3.5కి వచ్చింది. మాత్ర లేకుండానే.

శ్యామల_గుంటూరు
పద్మజ గారూ, ధనియాల నీళ్ళు తాగితే నష్టమేమీ లేదండీ, నేనూ ఎండాకాలంలో తాగుతా. కానీ మా కజిన్ ఇలాగే విని వేసుకుంటున్న మాత్ర ఆపేసింది. కొన్ని నెలలకు మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మెట్లెక్కలేని స్థితికొచ్చింది. మాత్ర వాడుతున్నవాళ్ళు దయచేసి దీన్ని చదివి ఆపకండి.

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
శ్యామల గారు చెప్పింది అక్షరాలా నిజం. 10 లోపు ఉన్న టీఎస్‌హెచ్ చాలామందిలో ఏమీ చేయకుండానే దిగి నార్మల్‌కు వస్తుంది. ఆ మూడు నెలల్లో ఏది తాగితే దానికే పేరొస్తుంది. నేను మళ్ళీ పరీక్ష చేయించమని పట్టుబట్టేది కూడా ఇందుకే.

వాసు_రెడింగ్ (ఇంగ్లండ్)
నా డౌటు ఇక్కడే అడగొచ్చా? ఇక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) చేయించిన రిపోర్టులో ఫ్రీ టీ4 16.2 అని ఉంది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో చేయించినప్పుడు 1.2 ఉండేది. ఇదేదో పదమూడు రెట్లు పెరిగిందని మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదు. టీఎస్‌హెచ్ రెండుసార్లూ 2 దగ్గరే ఉంది.

ల్యాబ్_మూర్తి (హనుమకొండ)
బాబూ వాసూ, ఆవిడను హాయిగా నిద్రపొమ్మను. కొలత మారిందంతే. మన దగ్గర ఎక్కువ ల్యాబులు ఫ్రీ టీ4ను డెసిలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తాయి, మీ దగ్గర లీటరుకు పికోమోల్స్‌లో ఇస్తారు. మన అంకెను 12.87తో హెచ్చవేస్తే మీ అంకె వస్తుంది. నీ 16.2ను దానితో భాగించి చూడు, 1.26 వస్తుంది. అంటే ఎక్కడిదక్కడే ఉంది.

టీఎస్‌హెచ్‌కు ఈ బెడద లేదు. మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లు అని రాసినా, లీటరుకు మిల్లీ యూనిట్లు అని రాసినా అంకె ఒకటే. అలాగని ఒక ల్యాబు 4.1ని ఇంకో ల్యాబు 4.6తో పోల్చి పెరిగిందని బెంగపడకూడదు. మిషను మారితే, కిట్టు మారితే ఆ మాత్రం తేడా ఉంటుంది. టీఎస్‌హెచ్ రోజులో కూడా మారుతుంది. రాత్రి బాగా పెరిగి, మధ్యాహ్నానికి బాగా దిగుతుంది. పొద్దున్న ఏడింటికి ఇచ్చినవాళ్ళకీ, భోంచేసి మూడింటికి ఇచ్చినవాళ్ళకీ ఒకేలా రాదు. పరగడుపు తప్పనిసరి కాదు గానీ, ప్రతిసారీ ఒకే వేళకు ఇవ్వడం మంచిది.

అనూష_కూకట్‌పల్లి
మూర్తి గారు జుట్టు మాత్రల గురించి అడిగారు కదా, మా చెల్లి సంగతి చెప్తాను. టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 రెండూ బాగా ఎక్కువ. రిపోర్టు చూసినవాళ్ళంతా హైపర్ థైరాయిడ్ అన్నారు, మందు కూడా రాయబోయారు. తీరా పిల్ల చూస్తే హాయిగా ఉంది. బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు, గుండెదడ లేదు, నాడి 74. ఎండోక్రైనాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి మొదట అడిగింది "జుట్టుకు ఏమైనా వాడుతున్నావా" అనే. బ్యాగులోంచి బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల మాత్రల సీసా తీసింది. అది ఆపేసి వారం తర్వాత చేయిస్తే మూడూ నార్మల్.

ల్యాబ్_మూర్తి (హనుమకొండ)
నేను అడిగింది సరిగ్గా దీనికోసమే అమ్మా. చాలా మిషన్లలో పరీక్ష రసాయనాలు బయోటిన్‌ను పట్టుకునే పద్ధతి మీదే నడుస్తాయి. రక్తంలో మాత్ర తాలూకు బయోటిన్ పొంగిపొర్లుతుంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తుంది. మనిషికి ఏమీ ఉండదు, తేడా కాగితం మీదే. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి, మోతాదు పెద్దదైతే ఇంకొన్ని రోజులు. జుట్టు, గోళ్ళు, చర్మం అని రాసి ఉన్న సీసా ఏదైనా వెనక్కి తిప్పి చదవండి, బయోటిన్ ఉంటే ల్యాబులోనూ డాక్టరుకూ చెప్పండి.

లావణ్య_విశాఖ
నాకు పదో వారం. టీఎస్‌హెచ్ 0.18 వచ్చింది, 'లో' అని ఉంది. టోటల్ టీ4 కూడా కొంచెం ఎక్కువే. వాంతులు విపరీతం. బిడ్డకేమైనా అవుతుందేమోనని భయంగా ఉంది.

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
లావణ్య గారూ, మొదటి మూడు నెలల్లో హెచ్‌సీజీ అనే గర్భ హార్మోను థైరాయిడ్‌ను తనే కాస్త తడుతుంది. అందుకే టీఎస్‌హెచ్ దిగుతుంది, వాంతులు ఎక్కువున్నవాళ్ళలో ఇంకొంచెం దిగుతుంది. చాలావరకు నెలలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. ఇక టోటల్ టీ4. గర్భంలో ఈస్ట్రోజన్ వల్ల హార్మోనును మోసే ప్రొటీన్ పెరుగుతుంది, దాంతో టోటల్ అంకె పెరుగుతుంది, ఒంటికి అందే ఫ్రీ భాగం మాత్రం పెరగదు. 16 వారాలు దాటాక టోటల్ టీ4 మామూలు కంటే ఒకటిన్నర రెట్లు ఉండడం సహజం. గర్భం రాకుండా వాడే పిల్స్‌తో కూడా ఇంతే. మూర్తి గారు మొదట్లోనే పిల్స్ గురించి అడిగింది అందుకే.

కానీ గుండెదడ ఆగకుండా ఉన్నా, మెడ దగ్గర వాపున్నా, ఇంట్లో ఎవరికైనా గ్రేవ్స్ జబ్బు (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) ఉన్నా మీ గైనకాలజిస్టుకు చెప్పండి. ఫ్రీ టీ4, అవసరమైతే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష చేయిస్తారు.

ముందునుంచే మాత్ర వాడుతున్నవాళ్ళకు దీనికి వ్యతిరేకం. గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. మోతాదు పెంచాల్సి వస్తుంది, మొదటి సగం నెలల్లో నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. ఇదివరకు మొదటి మూడు నెలల్లో 2.5 దాటకూడదనేవారు. 2017 అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు, స్థానికంగా లెక్కలు లేనిచోట 4 వరకు పరిమితిగా తీసుకోవచ్చన్నాయి. మందు వాడుతున్న గర్భిణులకు మాత్రం 2.5 లోపు ఉంచడానికే చూస్తాం.

లావణ్య_విశాఖ
చాలా చాలా థాంక్స్ డాక్టర్ గారూ. దడ లేదు. ఫ్రీ టీ4 రేపు చేయిస్తాను.

నాగమణి_నెల్లూరు
నేను 75 వాడుతున్నా. ఒకసారి 3 వస్తుంది, ఇంకోసారి 11 వస్తుంది. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. మోతాదు మారుస్తూనే ఉన్నారు.

శ్యామల_గుంటూరు
నాగమణి గారూ, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు? కాఫీ ఎంతసేపటికి తాగుతారు? కాల్షియం గానీ ఐరన్ గానీ ఏమైనా ఉన్నాయా?

నాగమణి_నెల్లూరు
లేవగానే కాఫీతోనే వేసుకుంటా అండీ. మోకాళ్ళకని కాల్షియం ఇచ్చారు, మర్చిపోతానని అదీ అప్పుడే వేసుకుంటా.

శ్యామల_గుంటూరు
దొరికింది. కాల్షియం, ఐరన్ ఈ మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగ్గా పోనివ్వవు. థైరాయిడ్ మాత్ర ఉత్త మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం నాలుగు గంటల తర్వాత, మధ్యాహ్నం భోజనంతో పెట్టుకోండి. ఈ మార్పు చేసుకున్నట్టు డాక్టరుకు చెప్పండి, ఇప్పుడు మాత్ర పూర్తిగా ఒంటికి పడితే 75 ఎక్కువ కూడా కావచ్చు.

ల్యాబ్_మూర్తి (హనుమకొండ)
దానికి తోడు, రక్తం ఇచ్చే రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. వేసుకున్న రెండు మూడు గంటలకు ఫ్రీ టీ4 కాసేపు పైకి లేస్తుంది.

ల్యాబులో తరచూ చూసే రిపోర్టు ఒకటుంది. టీఎస్‌హెచ్ 20, ఫ్రీ టీ4 మాత్రం పైగీత దగ్గర. నెలల తరబడి మాత్రలు సరిగ్గా వేసుకోక, పరీక్ష వారం ఉందనగా రోజూ వేసుకున్నవాళ్ళది ఇలా ఉంటుంది. టీ4 రోజుల్లో పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు పడుతుంది. మాత్ర మార్చాక ఆరు వారాలు ఆగి పరీక్ష చేయమనేది అందుకే. రక్తంలో టీ4 సగం ఖర్చవడానికే ఏడు రోజులు పడుతుంది, అది ఒక నిలకడకు వచ్చి పిట్యూటరీ సర్దుకునేసరికి ఆరు వారాలు. పదిహేను రోజులకే చేయించి "ఇంకా తగ్గలేదు, మోతాదు పెంచండి" అంటే మీ డబ్బూ పోతుంది, మోతాదూ తప్పుతుంది.

కిరణ్_పాలమూరు
ఇంతసేపూ టీఎస్‌హెచ్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మా అమ్మ సంగతి రాయాలనిపించింది. టీఎస్‌హెచ్ నార్మల్ అంటే థైరాయిడ్ నార్మల్ అని అందరూ అనుకుంటారు. మేమూ అదే అనుకున్నాం.

అమ్మకు ఏళ్ళ తరబడి నీరసం. ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. చర్మం పాలిపోయి, కనుబొమ్మలు పలచబడ్డాయి. ఎక్కడికి తీసుకెళ్ళినా టీఎస్‌హెచ్ ఒక్కటే చేసేవారు, 2.1, 1.8, 2.4. "థైరాయిడ్ లేదు, రక్తం తక్కువ" అని టానిక్ రాసేవారు. ఒకరోజు వాంతులై, మాట తడబడి పడిపోయింది. ఆస్పత్రిలో చూస్తే రక్తంలో సోడియం 116, ప్రమాదకరంగా తక్కువ. అక్కడ ఒక పెద్ద డాక్టరు మంచం పక్కన కూర్చుని అమ్మని అడిగిన ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తే. "చివరి కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకు పాలు పడ్డాయా? తర్వాత నెలసరి వచ్చిందా?" అమ్మ చెప్పింది, తమ్ముడు ఇంట్లోనే పుట్టాడు, చాప అంతా తడిసిపోయింది, పాలు పడలేదు, నెలసరి మళ్ళీ రాలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పాలనుకోలేదు.

ఫ్రీ టీ4 చేస్తే 0.4. ఒంటికి తప్పనిసరైన కార్టిసాల్ అనే ఇంకో హార్మోను కూడా బాగా తక్కువ. షీహన్స్ సిండ్రోమ్ అన్నారు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి పిట్యూటరీ దెబ్బతిన్నదట. పిట్యూటరీయే దెబ్బతింటే టీఎస్‌హెచ్ పెరగడానికి అక్కడ ఏముంది? అందుకే అది అన్నేళ్ళూ నార్మల్ చూపించింది.

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
కిరణ్ గారూ, ఈ పోస్టు రాసినందుకు మీకు కృతజ్ఞతలు. ఇంటి కాన్పులు ఎక్కువగా జరిగిన తరం అమ్మలు, అమ్మమ్మల్లో దీన్ని మేము ఇప్పటికీ చూస్తున్నాం. టీఎస్‌హెచ్ నార్మల్‌గానో తక్కువగానో ఉండి ఫ్రీ టీ4 తక్కువుంటే పిట్యూటరీ వైపు చూడాలి. వీళ్ళకు ముందు కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ మొదలుపెట్టి ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. కార్టిసాల్ తక్కువున్న మనిషికి థైరాయిడ్ మాత్ర ముందుగా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

కిరణ్_పాలమూరు
బాగుంది సార్. రెండు మందులూ వేసుకుంటోంది, పొలానికి కూడా పోతోంది. వాళ్ళకు మోతాదు ఫ్రీ టీ4 చూసే మారుస్తారు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా టీఎస్‌హెచ్ చూసి మాత్ర తగ్గించబోతారు, అందుకే డిశ్చార్జి కాగితం ఎప్పుడూ వెంట తీసుకెళ్తా.

గోదారి_సునీత (రాజమండ్రి)
అందరికీ అప్‌డేట్. గురువారం డాక్టర్ గారు కూడా అప్పుడే మందు వద్దన్నారు, డెంగీ తగ్గి రెండు నెలలయ్యాక చేయించమన్నారు. అదే ల్యాబులో, అదే వేళకు చేయించాను. టీఎస్‌హెచ్ 6.9, ఫ్రీ టీ4 1.1 (నార్మల్ 0.93–1.7), యాంటీ టీపీఓ 286 (34 లోపు ఉండాలట).

మేము రెండో బిడ్డ కోసం చూస్తున్నామని ఈసారి ఆయనతో చెప్పాను. మొదటిసారి అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ మాట వినగానే మందు మొదలుపెడదామన్నారు, 50 రాశారు. యాంటీబాడీలు ఉన్నాయి కాబట్టి థైరాయిడ్ ముందుముందు ఇంకా మందగించే అవకాశం ఉందట. షాపతను చెప్పిందీ 50నే కదా అని మావారు అన్నారు. కానీ ఇప్పుడు ఎందుకు వేసుకుంటున్నానో నాకు తెలుసు.

ఆరు వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. యాంటీ టీపీఓ కూడా ప్రతిసారీ చేయించాలా? అది తగ్గుతోందో లేదో చూడాలి కదా?

డాక్టర్_కరీంనగర్ (జనరల్ మెడిసిన్)
అక్కర్లేదమ్మా. యాంటీబాడీ ఉందా లేదా అన్నది ఒక్కసారి తెలిస్తే చాలు. 286 కాస్తా 200 అయినా, 400 అయినా వైద్యం మారదు. మీ డాక్టర్ గారి నిర్ణయం నాకు సరైనదిగానే కనబడుతోంది. గర్భం నిలిచిందని తెలిసిన రోజే ఆయనకు ఫోన్ చేయండి.

ల్యాబ్_మూర్తి (హనుమకొండ)
టీ3 కూడా మీకు అవసరం లేదు, అది హైపర్ ఉన్నవాళ్ళకు పనికొచ్చే పరీక్ష. ప్యాకేజీ అంటగడతారు, వద్దని చెప్పి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 మాత్రం రాయించుకోండి. పాత రిపోర్టులు రెండూ ఒకే ఫైల్లో తేదీలతో పెట్టుకుని ఈసారి తీసుకెళ్ళండి.